చెన్నై నుంచి పాపికొండల బోటు యాత్ర: రైలు, అద్దె కారు, బోటు మూడూ కుదిరేలా ఏర్పాటు చేసుకోవడం ఎలా

చెన్నైలో ఉండే తెలుగు కుటుంబాలు పాపికొండలు వెళ్దామనుకోగానే బోటు టికెట్టు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. బోటు టికెట్టు దొరకడం పెద్ద కష్టం కాదు. రైలు టికెట్టు 60 రోజుల ముందే తీసుకోవాలి, బోటు నడుస్తుందో లేదో మాత్రం రెండు మూడు రోజుల ముందు గానీ గట్టిగా తెలియదు. అసలు చిక్కు ఇదే. తెల్లారి రాజమండ్రిలో దిగి, అదే రోజు బోటెక్కి, ఆ సాయంత్రమే తిరుగు బండి పట్టుకోవాలనుకుంటే ఎక్కడో ఒకచోట తప్పకుండా తెగుతుంది.

అందుకని బోటు రోజును ప్రయాణం మధ్యలో పెట్టుకోండి. దానికి ముందు ఒక రోజు, తర్వాత ఒక రోజు వదులుగా ఉండాలి. రైలు ఆలస్యమైతే ముందు రోజు ఆదుకుంటుంది. బోటు ఆగిపోతే తర్వాతి రోజు ఉంటుంది. కింద చెప్పే వివరాలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

1. ఏ రేవు నుంచి ఎక్కాలో ముందు తేల్చుకోండి

ఇంటర్నెట్‌లో ఇప్పటికీ కనిపించే పాత సమాచారం పట్టిసీమ నుంచో, పోలవరం నుంచో బోటు ఎక్కమంటుంది. పోలవరం దగ్గర గోదావరికి అడ్డంగా డ్యామ్ కట్టడాలు (స్పిల్‌వే, కాఫర్ డ్యామ్) వచ్చాక దిగువ నుంచి బోటు పైకి వెళ్లే దారి లేదు. పట్టిసీమలో ఇప్పుడు దొరికేది వీరభద్రస్వామి గుడి ఉన్న లంకకు (నది మధ్య దిబ్బకు) వెళ్లే చిన్న పడవ ప్రయాణమే.

రాజమండ్రి వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కాల్సింది డ్యామ్‌కు ఎగువన, దేవీపట్నం మండలంలోని గండి పోచమ్మ గుడి దగ్గర. రాజమండ్రి నుంచి రోడ్డు మీద రానూపోనూ సుమారు 90 కిలోమీటర్లు.

రెండో దారి భద్రాచలం వైపు, పోచవరం రేవు నుంచి. చెన్నై నుంచి అయితే ఖమ్మంలో దిగి రోడ్డు మీద చాలా దూరం పోవాలి. రాములవారి దర్శనం కూడా అనుకుంటే తప్ప ఇది ఎంచుకోకండి. ఎంచుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉండేది కొత్తగూడెంలో. గుడి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు.

ఒక రేవులో ఎక్కి ఇంకో రేవులో దిగే ఆలోచన చేయకండి. మీ కారు, సామాను ఒక ఒడ్డున, మీరు ఇంకో ఒడ్డున ఉంటారు.

2. నెల, వారం

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూలై నుంచి అక్టోబర్ దాకా గోదావరికి వరద కాలం, బోట్లు ఆపేస్తారు. వరద పెరిగితే గండి పోచమ్మ గుడి కూడా నీళ్లలో మునుగుతుంది. వార్తల్లో అమ్మవారి గుడి మునిగిందని చూస్తే ఆ వారం బోటు గురించి మర్చిపోండి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది లంక గ్రామాల కోసం ఇచ్చే వరద హెచ్చరిక. బోట్లు అంతకు చాలా ముందే ఆగుతాయి. హెచ్చరిక లేదు కదా అని నదిని నమ్మడానికి లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద ప్రవాహంలోనే. ఆ తర్వాతే రేవుల్లో కంట్రోల్ రూములు, తనిఖీలు వచ్చాయి. ఎవరైనా వరద కాలంలో కూడా తీసుకెళ్తామంటే ఆ బోటు ఎక్కకండి.

కాలం బాగున్నా కొన్ని వారాలు మానుకోవడం మేలు. పొంగల్ సెలవులు, సంక్రాంతి ఒకేసారి వస్తాయి గనుక చెన్నై నుంచి కోస్తా వైపు బండ్లన్నీ నిండిపోతాయి. బోట్లూ అంతే. కార్తీక మాసం ఆదివారాల్లో వనభోజనాల గుంపులు ఉంటాయి. క్రిస్మస్ సెలవుల్లో ఇటు తమిళనాడు పిల్లలు, అటు ఆంధ్ర పిల్లలు అందరూ అక్కడే ఉంటారు. డిసెంబర్ మొదటి సగం, సంక్రాంతి తర్వాత జనవరి చివరి వారాలు అన్నిటికంటే హాయి.

3. రోజుల అమరిక

బుధవారం సాయంత్రం చెన్నైలో రైలు ఎక్కండి. గురువారం రాజమండ్రిలో విశ్రాంతి, సాయంత్రం పుష్కర ఘాట్, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం. శుక్రవారం బోటు. శనివారం ఖాళీ రోజు: శుక్రవారం బోటు ఆగితే శనివారం ఎక్కుతారు, ఆగకపోతే కొండల్లో ఉన్న మారేడుమిల్లి వెళ్తారు. ఆదివారం పగటి బండిలో చెన్నై.

శుక్రవారం ఎందుకంటే శని, ఆదివారాల రద్దీ ఉండదు. అయితే మామూలు రోజుల్లో తగినంత మంది రాకపోతే కొన్ని బోట్లు తీయరు. ఈ సంగతి బుకింగ్ అప్పుడే తేల్చుకోవాలి. 6వ భాగంలో చెప్పాం.

4. రైలు టికెట్లు

చెన్నై నుంచి రాజమండ్రి సుమారు 580 కిలోమీటర్లు. మూడు బండ్లు ఎక్కువగా పనికొస్తాయి.

- హౌరా మెయిల్: చెన్నై సెంట్రల్ నుంచి సాయంత్రం బయల్దేరి, ఇంకా తెల్లవారకముందే రాజమండ్రి చేరుస్తుంది.
- సర్కార్ ఎక్స్‌ప్రెస్: చెంగల్పట్టు నుంచి ఎగ్మోర్ మీదుగా కాకినాడ వెళ్తుంది. విజయవాడ దాటాక గుడివాడ, భీమవరం చుట్టి వస్తుంది గనుక నెమ్మది. తాంబరం వైపు ఉండేవాళ్లకు సెంట్రల్ దాకా పోయే పని తప్పుతుంది.
- కోరమాండల్: ఉదయం సెంట్రల్‌లో ఎక్కితే సాయంత్రానికి రాజమండ్రి. రాత్రి రైలులో నిద్ర పట్టని పెద్దవాళ్లుంటే ఇదే మంచిది. గురువారం ఉదయం ఎక్కి, రాత్రి లాడ్జిలో పడుకుని, శుక్రవారం బోటెక్కవచ్చు.

వేళలు మారుతుంటాయి. టికెట్టు తీసే రోజున ఒకసారి, బయల్దేరే ముందు రోజు ఇంకోసారి చూసుకోండి. సెంట్రలా, ఎగ్మోరా అన్నది టికెట్టు మీద చదివి ఇంట్లో అందరికీ చెప్పండి. ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్‌కు వచ్చేవాళ్లు పొరపాటుగా ఇంకో స్టేషన్‌కు పోవడం చెన్నైలో తరచూ జరిగేదే.

తేదీ లెక్క. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 60 రోజులు, ప్రయాణ తేదీని వదిలేసి లెక్కించాలి. డిసెంబర్ 12 ప్రయాణానికి అక్టోబర్ 13 ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది.

తిరుగు టికెట్టు దగ్గర చాలామంది తప్పుతారు. ఈ గడువును బండి తన మొదటి స్టేషన్ నుంచి బయల్దేరే తేదీతో లెక్కిస్తారు. కోరమాండల్ బెంగాల్‌లో ముందు రోజు మధ్యాహ్నం బయల్దేరి మర్నాడు ఉదయం రాజమండ్రికి వస్తుంది. కాబట్టి మీరు డిసెంబర్ 15న రాజమండ్రిలో ఎక్కాలంటే లెక్క డిసెంబర్ 14తో చూడాలి. బుకింగ్ అక్టోబర్ 15న తెరుచుకుంటుంది, మీరు 16న చూస్తే ఒక రోజు ఆలస్యం. తత్కాల్‌కూ ఇదే లెక్క: 15న ఎక్కే టికెట్టుకు తత్కాల్ 13నే మొదలవుతుంది, ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. కాకినాడలో అదే రోజు బయల్దేరే సర్కార్‌కు ఈ తేడా లేదు.

2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. ఆ పని బుకింగ్ రోజు ఉదయం పెట్టుకోకుండా ముందే ముగించండి.

తిరుగు టికెట్టు నడుమ స్టేషన్ నుంచి తీసేది కాబట్టి వెయిటింగ్ లిస్టు నెమ్మదిగా కదులుతుంది. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్టు దానంతట అదే రద్దవుతుంది, దానితో బండి ఎక్కడానికి లేదు. వెళ్లే టికెట్టు కంటే దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

పెద్దవాళ్ల బెర్తులు. తాతయ్యకు 60 దాటి, అమ్మమ్మకు 45 దాటి ఉంటే లోయర్ బెర్త్ కోటా వర్తిస్తుంది. కానీ ఆ టికెట్టు మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. ఆరుగురినీ ఒకే టికెట్టులో పెడితే ఆ కోటా పోతుంది. వాళ్లిద్దరికీ విడిగా తీయండి. మిగతావారికి అదే బోగీలో దొరుకుతుందేమో చూడండి.

దిగాక. రాత్రి బండి అయితే తెల్లవారకముందే దిగుతారు గనుక లాడ్జి గదిని ముందు రాత్రి నుంచే తీసుకోండి, లేదా దిగిన వేళ నుంచి 24 గంటలు లెక్కించే లాడ్జి చూసుకోండి. మధ్యాహ్నం 12 గంటలకు చెకిన్ అనే చోట తెలియక బుక్ చేస్తే పిల్లలతో గంటల తరబడి కుర్చీల్లో కూర్చోవాలి. పీఎన్ఆర్‌తో స్టేషన్ రిటైరింగ్ రూమ్ కూడా దొరకవచ్చు. క్లోక్ రూమ్‌లో పెట్టే సంచికి తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు.

ఇంకో చిన్న మాట. గోదావరి అనే పేరుతో రాజమండ్రి ఊళ్లోనే ఒక చిన్న స్టేషన్ ఉంది. ఆ పేరు చూసి తొందరపడి దిగకండి, దిగాల్సింది రాజమండ్రి.

5. అద్దె కారు

చెన్నై నుంచే కారు వేసుకుని వెళ్లవద్దని గట్టిగా చెబుతాం. తమిళనాడు ట్యాక్సీకి ఆంధ్రలో పర్మిట్, పన్ను అదనం. పది గంటలకు పైగా నడిపి అలసిన డ్రైవర్‌తో మర్నాడు కొండ దారి పోవడం మంచిది కాదు. కారు రాజమండ్రిలోనే తీసుకోండి.

బోటు రోజుకు డ్రైవర్‌తో ఉన్న కారే తీసుకోండి. మీరు నది మీద ఉన్నంతసేపూ కారు రేవు దగ్గర ఆగి ఉంటుంది. డిసెంబర్‌లో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి తిరుగు దారి చీకట్లో. దారి తెలిసిన డ్రైవర్ విలువ అప్పుడు తెలుస్తుంది.

అద్దె మాట్లాడేటప్పుడు మొత్తం ఎంత అని మాత్రమే అడిగి వదిలేయకండి. ఇవి విడివిడిగా అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి:

- అద్దె రోజుకా, ట్రిప్పుకా? ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు?
- కిలోమీటర్లు లాడ్జి దగ్గర మొదలవుతాయా, వాళ్ల షెడ్డు దగ్గరా?
- రేవు దగ్గర వెయిటింగ్ అందులోనే ఉందా?
- డ్రైవర్ బత్తా, భోజనం, టోల్, పార్కింగ్ ఎవరివి?
- రాత్రి ఎన్ని గంటలు దాటితే అదనం?
- సామాను కారులోనే ఉంచవచ్చా?

సెల్ఫ్ డ్రైవ్ కావాలంటే మారేడుమిల్లి రోజుకు తీసుకోండి. అద్దెకు డ్రైవర్ లేకుండా ఇచ్చే కారుకు నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత కారును అద్దెకిచ్చేవాళ్లు తక్కువ ధర చెబుతారు. ప్రమాదం జరిగితే బీమా చెల్లకపోవచ్చు, ఆ భారమంతా మీ మీద పడుతుంది. కారు తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా, టైర్లు, స్టెప్నీ, ఇంధన ముల్లు, కిలోమీటర్ల అంకె ఒకే వీడియోలో తీసి యజమానికి అక్కడికక్కడే పంపండి. రంపచోడవరం దాటకముందే ట్యాంకు నింపుకోండి.

6. బోటు బుకింగ్

ఏపీ టూరిజం బోట్లు, అనుమతి ఉన్న ప్రైవేటు బోట్లు రెండూ నడుస్తాయి. రైలు టికెట్టు ఖాయమయ్యాక బోటు వాళ్లతో మాట్లాడండి. అడ్వాన్సు తక్కువలో తక్కువ ఇవ్వండి. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి, ముందు రోజు సాయంత్రం ఇంకోసారి ఫోన్ చేయండి.

అడగాల్సినవి:

1. మీ బోటు ఏ రేవు నుంచి? ఎన్ని గంటలకు రేవులో ఉండాలి?
2. మంది తక్కువైతే బోటు తీస్తారా, వేరే బోటులో సర్దుతారా? ఎప్పుడు చెబుతారు?
3. నీటిమట్టం వల్ల ఆపేస్తే డబ్బు తిరిగి ఇస్తారా, మర్నాటికి మారుస్తారా?
4. టిఫిన్, భోజనం, సాయంత్రం టీ అన్నీ టికెట్టులోనే ఉన్నాయా?
5. పిల్లల టికెట్టు ఏ వయసు నుంచి? చిన్న సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా?
6. రేవులో ఎన్ని మెట్లు? బోటులోకి పలక మీద నడవాలా?

చివరి ప్రశ్న మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం. నీళ్లు తగ్గిన కొద్దీ ఒడ్డు నిటారుగా, బురదగా ఉంటుంది. ఫిబ్రవరిలో దిగే మెట్టు నవంబర్‌లో కంటే లోతు.

లాడ్జి, కారు, బోటు, భోజనం అన్నీ కలిపి ప్యాకేజీగా ఇచ్చే ఏజెంట్లు ఉంటారు. ఒక్కరోజు కోసం అయితే ఫరవాలేదు. మూడు రోజుల అమరికలో అది ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే బోటు రోజు మారితే వాళ్ల కారు, గది మారవు. విడివిడిగా తీసుకుంటేనే రోజులు అటూ ఇటూ జరపగలరు.

7. సంచిలో ఏముండాలి

- అందరి ఆధార్ అసలు కార్డులు, పిల్లలవి కూడా
- చేతిలో నగదు. దేవీపట్నం దాటాక ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, యూపీఐ నమ్ముకోలేం
- టోపీ, పలుచటి శాలువా. ఉదయం మంచు, మధ్యాహ్నం పై అంతస్తులో ఎండ
- జారని చెప్పులు, మడమ పట్టీ ఉన్నవి
- మందులు, వాంతుల మాత్రలు, పసిపిల్లలకు పాలపొడి, ఫ్లాస్కు
- చెత్త తెచ్చుకోవడానికి ఒక కవరు. అది పాపికొండ నేషనల్ పార్కు ప్రాంతం, ప్లాస్టిక్ నదిలో వేయకండి

పెద్ద పెట్టెలు లాడ్జిలోనే వదిలేయండి. మద్యం తీసుకెళ్లకండి. తనిఖీలో దొరికితే మీతోపాటు బోటంతా ఆగుతుంది.

8. బోటు రోజు

ఉదయం 6:45: లాడ్జి నుంచి బయల్దేరండి. సీతానగరం, పురుషోత్తపట్నం మీదుగా వెళ్లే దారి ఒకటి, గోకవరం వైపు నుంచి ఇంకొకటి. ఏది బాగుందో ముందు రోజు రాత్రి బోటు వాళ్లనే అడగండి, డ్రైవర్‌కు చెప్పండి.

8:30: రేవు. అమ్మవారి దర్శనం చేసుకోండి, మరుగుదొడ్డి పని ముగించుకోండి. బోటులోనూ ఉంటుంది కానీ అంతంతమాత్రమే. కంట్రోల్ రూమ్‌లో పేర్లు, లెక్క సరిచూస్తారు. పేరు రాయించకుండా ఎక్కకండి. ఏదైనా జరిగితే వాళ్లు వెతికేది ఆ జాబితా పట్టుకునే.

డ్రైవర్‌తో తిరిగి కలుసుకునే చోటు, వేళ ఇక్కడే మాట్లాడుకోండి. తర్వాత ఫోన్ కలవదు.

9:30 ప్రాంతం: బోటు కదులుతుంది. లైఫ్ జాకెట్ భుజాన వేసుకోవడం కాదు, బకిళ్లన్నీ బిగించాలి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు, మార్పించండి. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో తలమీదుగా జారిపోతుంది. ఫొటోల కోసం విప్పకండి. అందరూ ఒకే పక్కకు చేరకండి, బోటు ఒరుగుతుంది.

మంచి చోటు కోసం తోసుకోవాల్సిన పని లేదు. వెళ్లిన దారినే తిరిగి వస్తారు కాబట్టి రెండు ఒడ్లూ కనిపిస్తాయి. అయితే పేరంటాలపల్లికి ముందు నది రెండు కొండల మధ్య ఇరుకయ్యే చోటు ఈ ప్రయాణానికి ప్రాణం. ఆ వేళకు భోజనాల దగ్గరో, మైకు ముందు పాటల దగ్గరో ఉండిపోకుండా పైకి వచ్చి నిలబడండి. ఎక్కడ వస్తుందో బోటు నడిపే సరంగును ముందే అడిగి ఉంచుకోండి.

మధ్యాహ్నం: పేరంటాలపల్లి. ఒడ్డు నుంచి కొంచెం ఎక్కితే శివాలయం. కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలు, బుట్టలు కొనాలంటే చిల్లర నోట్లు ఉంచుకోండి. బోటు ఎన్ని గంటలకు కదులుతుందో దిగేముందే తెలుసుకోండి. మెట్లు ఎక్కలేనివాళ్లు బోటులోనే ఉండటం మేలు.

సాయంత్రం 5 ప్రాంతం: మళ్లీ రేవు. రాజమండ్రి చేరేసరికి ఏడు దాటుతుంది.

9. బోటు ఆగిపోతే

ముందు రోజు సాయంత్రం ఆగిందని తెలిస్తే వెంటనే బోటును శనివారానికి మార్పించుకోండి, కారు వాళ్లకు చెప్పండి, మారేడుమిల్లిని శుక్రవారానికి జరపండి. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. రంప జలపాతం దారిలో, జలతరంగిణి మారేడుమిల్లి చుట్టుపక్కల చూడవచ్చు, మధ్యాహ్నానికి బొంగు చికెన్. చీకటి పడకముందే కొండ దిగేయాలి, మంచు కమ్మితే దారి కనపడదు.

రెండో రోజు కూడా బోటు లేదంటే నీళ్ల మీద తిరగాలన్న కోరిక కోనసీమలో తీరుతుంది. వశిష్ఠ గోదావరి మీద దిండి దగ్గర ఏపీ టూరిజం హౌస్‌బోట్లు ఉన్నాయి. పెద్దవాళ్లకైతే ద్రాక్షారామం (దారిలో కడియం నర్సరీలు) లేదా అన్నవరం దర్శనం.

రేవు దాకా వెళ్లాక ఆపితే వాదించకండి. గాలి, నీళ్లు చూసి చెప్పే మనిషి మాట వినండి.

10. తిరుగు ప్రయాణంలో జాగ్రత్త

హౌరా నుంచి వచ్చే మెయిల్, కాకినాడ నుంచి వచ్చే సర్కార్ రెండూ రాజమండ్రికి సాయంత్రం వేళే వచ్చి వెళ్లిపోతాయి. బోటు దిగి ఏడింటికి ఊళ్లోకి వచ్చేవాళ్లకు ఇవి అందవు. బోటు రోజున వీటికి టికెట్టు తీయకండి. తర్వాతి రోజు సాయంత్రం ఎక్కితే మెయిల్ ఇంకా చీకటి ఉండగానే సెంట్రల్ చేరుస్తుంది, మెట్రో మొదలయ్యేదాకా ఆగాలి లేదా ఆటో మాట్లాడుకోవాలి. ఉదయం కోరమాండల్ ఎక్కితే సాయంత్రానికి సెంట్రల్‌లో దిగి మెట్రోలో ఇంటికి పోవచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి ఇదే సరైన బండి. బెంగాల్ నుంచి వచ్చే బండి గనుక ఆలస్యం మామూలే. లాడ్జి ఖాళీ చేసేముందు బండి ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుని, అప్పుడే సామాను కిందికి దించండి.